యాప్ సరే, వెనుక మనిషి ఏడీ?

తాగుడు మానాలనుకునేవాళ్లకు ఇప్పుడు యాప్‌ల కరువు లేదు. మానేసి ఎన్ని రోజులైందో లెక్కపెట్టేది ఒకటి, మూడ్ ఎలా ఉందని అడిగేది ఇంకొకటి, అర్ధరాత్రి చాట్‌బాట్‌తో ధైర్యం చెప్పించేది మరొకటి. వీటిలో చాలావాటి వెనుక మనిషన్నవాడు ఉండడు. అలాంటి యాప్‌ను వైద్యం పేరుతో అంటగట్టడం రోగికి చేసే అన్యాయం.

యాప్‌లను సమర్థించేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే ఊరంతా తెలిసిపోతుందన్న భయం మన దగ్గర బలంగా ఉంది. ఫోన్‌లో అయితే రహస్యంగా ఉంటుంది, ఖర్చూ తక్కువ. అయితే ఆ రహస్యమూ గట్టిది కాదు. మద్యం వ్యసనానికి ఆన్‌లైన్ చికిత్స అందించే మాన్యుమెంట్ అనే సంస్థ తన యూజర్ల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల కోసం మెటా, గూగుల్ లాంటి కంపెనీలకు చేరవేసిందని వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చర్య తీసుకుంది.

యాప్ నిజంగా పనిచేసిన సందర్భం లేదా? ఉంది. అమెరికాలో ఎ-చెస్ అనే యాప్‌ను 349 మందితో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. యాప్ అందుకున్నవాళ్లు నెలలో మోతాదు మించి తాగిన రోజులు సగటున 1.39, అందనివాళ్లవి 2.75. కానీ వీళ్లంతా అప్పటికే డీఅడిక్షన్ సెంటర్‌లో ఉండి చికిత్స తీసుకుని బయటికొచ్చినవాళ్లు. యాప్‌లో ఒక పానిక్ బటన్ ఉండేది. నొక్కితే సాయం చేస్తామని ముందే ఒప్పుకున్నవాళ్లకు కబురు వెళ్లేది. రోగి తనకు ప్రమాదకరమని గుర్తుపెట్టుకున్న బార్ దగ్గరికి వెళ్తే జీపీఎస్ పసిగట్టి హెచ్చరించేది. వారం వారం అతని పరిస్థితి కౌన్సెలర్‌కు తెలిసేది. అంటే ఆ యాప్ చేసిందల్లా రోగిని మనుషులతో కలపడమే.

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, మూడో రోజుకు లేనివి కనబడి మతి తప్పవచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం షాపులు మూతబడగానే ఈ లక్షణాలతోనే జనం హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరస కట్టారు. అప్పుడు కావలసింది డాక్టరు, మాత్రలు, ఇంజెక్షన్. "శభాష్, రెండో రోజు" అనే నోటిఫికేషన్ కాదు.

ఎయిమ్స్ నిపుణుల జాతీయ సర్వే 2019లో చెప్పిన లెక్క చూడండి. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. కేంద్రం 2022లో టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ (14416) పెట్టింది, 2024లో యాప్ కూడా తెచ్చింది. ఫోన్ చేస్తే అటువైపు కౌన్సెలర్ పలకడం మంచి విషయమే. కానీ ఆ కౌన్సెలర్ "దగ్గర్లోని సెంటర్‌కు వెళ్లండి" అంటే మారుమూల మండలంలో ఉన్నవాడు ఎక్కడికి వెళ్లాలి?

సెంటర్లకు డబ్బుల్లేవంటే నేను నమ్మను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 మద్యం షాపులకు దరఖాస్తులు పిలిస్తే, ఒక్కో దరఖాస్తుకు కట్టించుకుని తిరిగివ్వని రెండు లక్షల ఫీజు మీదే సుమారు 1,800 కోట్లు వచ్చాయి. తెలంగాణ 2,620 షాపుల కోసం 2025లో ఆ ఫీజును మూడు లక్షలు చేసింది. ఒక్క సీసా అమ్ముడు కాకముందే ఖజానాకు చేరిన డబ్బు ఇది. ఆ పైన బెల్టు షాపులు. ఎ-చెస్ లాంటి జీపీఎస్ హెచ్చరికను మన పల్లెలో పెడితే, ఇంటి నుంచి బస్టాండుకు వెళ్లేలోపు ఫోన్ ఎన్నిసార్లు మోగాలి? మానేసినవాడు దాటాల్సింది కిరాణా కొట్టులో మందు అమ్మే వీధినే. తాగించే ఏర్పాటు ఊరూరా చేసి, మాన్పించే బాధ్యతను రోగి ఫోన్ మీదికి నెట్టడం ఏం న్యాయం?

రెండు ప్రభుత్వాలూ షాపుల దరఖాస్తు ఫీజులో పదోవంతు పక్కన పెట్టాలి. దాంతో ప్రతి ఏరియా ఆసుపత్రిలో పది డీఅడిక్షన్ పడకలు, ప్రతి మండలానికి జీతమిచ్చే కౌన్సెలర్ ఏర్పాటు చేయాలి. ఆ కౌన్సెలర్ చేతికి యాప్ ఇవ్వండి. తన రోగుల్లో ఎవరు వారంగా పలకడం లేదో చూసుకుని వాళ్ల ఇంటికి వెళ్లి తలుపు తడతాడు.