సూర్యుడు తూర్పున, జనం పడమట

కంబోడియా టూర్ ప్యాకేజీల్లో చాలావరకు మొదటి రోజే తెల్లవారుజామున నాలుగున్నరకు లేపేస్తాయి. అంకోర్‌వాట్ ముందున్న కొలను గట్టు మీద నిలబడి సూర్యోదయం చూడాలి కదా! చీకట్లోనే వందలాది మంది ఫోన్లు పైకెత్తి సిద్ధంగా ఉంటారు. గోపురాల వెనక ఆకాశం ఎర్రబడుతుంది, ఫొటోలు తీసుకుంటారు, కాసేపటికి గుంపంతా టిఫిన్‌కి కదులుతుంది. ఆ తర్వాత అక్కడి మరో రెండు పాత ఆలయాలు, బేయాన్, తా ప్రోమ్. తా ప్రోమ్‌లో గోడను వేళ్లతో పట్టుకున్న ఒక చెట్టు దగ్గరే ఫొటో కోసం క్యూ. ఎండ ముదిరేసరికి మళ్లీ హోటల్. అంకోర్ చూసేశామన్నమాట.

ఏం చూశారని అడిగితే మాత్రం జవాబు కష్టమే. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మన్ విష్ణువుకు కట్టించిన ఈ ఆలయం పడమటి ముఖంగా ఉంటుంది. కాబట్టి కొలను దగ్గర ఉన్నవాళ్లకి సూర్యుడు గుడి వెనక నుంచి వస్తాడు, కనిపించేది నల్లటి ఆకారం. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ గోడల మీద చెక్కిన పని ఆ వేళ అటు నుంచి ఇసుమంత కూడా కనపడదు. లేత ఎండ పడేది తూర్పు వైపు. క్షీరసాగర మథనం చెక్కింది కూడా ఆ తూర్పు గ్యాలరీలోనే, దక్షిణ భాగంలో.

దాదాపు 49 మీటర్ల పొడవునా ఒకటే కథ. అసురులు ఒకవైపు, దేవతలు మరోవైపు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. నడుమ విష్ణువు, అడుగున కూర్మం, పైన గాల్లో అప్సరసలు. కథ తెలిసిందే గనుక చూపు గబగబా ముందుకు జారిపోతుంది. కింది వరస దగ్గర ఆగాలి. అక్కడ చేపలు, మొసళ్లు ఈదుతుంటాయి. అంచుల్లో నిక్షేపంగా ఉన్నవే, కవ్వం దగ్గరకు వచ్చేకొద్దీ తునాతునకలై కనిపిస్తాయి. సుడి ఎంత ఉధృతంగా ఉందో శిల్పి వాటితో చెప్పించాడు. నడుచుకుంటూ వీడియో తీసేవాళ్లకి ఇది దొరకదు.

ఉష్ణమండలంలో టైమ్‌టేబుల్ రాసేది ఎండే. అందుకే పొద్దుటి చల్లటి గంటలని ఎక్కడ ఖర్చు పెడతామన్నది అంత ముఖ్యం. పైకప్పు ఉన్న గ్యాలరీలు మధ్యాహ్నం కూడా ఓపిక పట్టనిస్తాయి. పడమటి ముఖం మీద వెలుగు పడేది సాయంత్రం, ఆ టైమ్‌కి చాలామంది సూర్యాస్తమయం కోసం బాఖెంగ్ కొండ ఎక్కుతుంటారు. అక్కడ ఒకేసారి 300 మందికి మించి పైకి వదలరు, మిగతావాళ్లు క్యూలో ఉండగానే పొద్దు వాలిపోతుంది.

టికెట్ ధరలు చూసినా ఈ హడావిడి అర్థం కాదు. 2017లో పెంచాక ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, వారానికి 72. మూడు రోజుల పాస్‌ని వరసగా వాడాల్సిన పని కూడా లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. నెమ్మదిగా చూసేవాళ్లకే లాభం. అయినా ప్యాకేజీలు ఒక్క రోజులోనే ముగించేస్తున్నాయంటే, అక్కడ అమ్ముడవుతున్నది గుడి కాదు, లిస్టులో టిక్కు.

జనాన్ని ఎలా తగ్గించాలన్న ప్రశ్నకి ఇండోనేషియా రెండు జవాబులు ప్రయత్నించింది. 2022లో జావా దీవిలోని పెద్ద బౌద్ధ కట్టడం బోరోబుదూర్ ఎక్కడానికి విదేశీయులకి 100 డాలర్లు, స్థానికులకి ఏడున్నర లక్షల ఇండోనేషియా రుపియాలు పెడదామన్నారు. జనం మండిపడటంతో వెనక్కి తగ్గారు. మంచిదే అయింది. రాతి మెట్ల అరుగుదల ఆగాలంటే తగ్గాల్సింది అడుగులు, పేదవాళ్లు కాదు. తర్వాత 2023లో వచ్చిన పద్ధతి నయం: పైకి రోజుకి 1,200 మందే, వెంట గైడ్, కాళ్లకి రాయిని అరగదీయని అల్లిన చెప్పులు. ఇంత దూరం వచ్చి ఎక్కనివ్వరా అని విసుక్కునేవాళ్లకి చెప్పేదొకటే, ఆ మెట్లు 9వ శతాబ్దంవి.

నా పేచీ వేరే ఉంది. టైమ్ స్లాట్ బిగించడంతో గైడ్లు అందరినీ నేరుగా పైనున్న 72 స్తూపాల దగ్గరికి తోలుకుపోతున్నారు. మొదటి గ్యాలరీలో 120 ఫలకాల మీద బుద్ధుడి కథ ఉంది, సారనాథ్‌లో తొలి ఉపదేశంతో ఆగిపోతుంది. ప్రదక్షిణంగా నడుస్తూ ఒక్కోటీ చదువుకోవాల్సినవి. వాటిని దాటుకుంటూ పరుగెత్తడం కోటా పెట్టిన ఉద్దేశానికే విరుద్ధం. మొదటి గ్యాలరీ వరకే అనుమతిస్తూ, రెండు మూడు గంటలు ఉండనిచ్చే టికెట్ విడిగా పెడితే పై మెట్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. స్తూపాల పక్కన సెల్ఫీ రాకపోయినా సరే, నేనైతే ఆ టికెట్టే కొంటాను.