మెడ ఒకరిది, ముఖం ఒకరిది

మొటిమలున్న ముఖం మీద దాన్ని మోసేవారికి తప్ప లోకంలో అందరికీ హక్కు ఉంటుంది. బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ పేరైనా అడగకుండా వేపాకు నూరి పట్టించమంటుంది. పాలు పోసే మనిషి ఒంట్లో వేడి అంటాడు. పెళ్లయితే అవే పోతాయని చెప్పేవారిది వేరే తెగ. వారు ఎదురుగా వస్తుంటే నేను వీధి మారిపోతాను. మా మేనత్త మాత్రం తప్పంతా చేపల పులుసుదేనని తేల్చింది. నెల్లూరులో, అదీ మామిడికాయ వేసి పులుసు పెట్టే రోజుల్లో, ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. అత్త అంది. అంటూనే నా పళ్లెంలో మరో ముక్క వేసింది.

పొగతోటలోని చర్మవ్యాధుల డాక్టరమ్మ పులుసు జోలికి పోలేదు. రాత్రిళ్లు పూయడానికి అడాపలీన్, పొద్దున పూయడానికి బెంజాయిల్ పెరాక్సైడ్ రాసింది. ఈ రెండోది మొటిమ మీద నెమ్మదిగా, తువ్వాళ్ల మీద వెంటనే పనిచేస్తుంది. రంగు తువ్వాలు ఏది తగిలినా తెల్ల మచ్చలే. మా అమ్మ సబ్బుపొడిని అనుమానించి కంపెనీలు మార్చి చూసింది. అత్త ఈలోగా మందుల షాపు నుంచి, ముఖం తెల్లబడుతుందని ఎవరో చెప్పిన ఒక ట్యూబు తెచ్చింది. స్టెరాయిడ్ కలిసిన అలాంటి పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అత్తకు షెడ్యూల్ తెలియదు, షాపు అబ్బాయికి గుర్తున్నట్టు లేదు.

ఇంతలో అత్త కూతురి నిశ్చితార్థం కుదిరింది, నడి రోహిణి కార్తెలో. ఫొటోల్లో నా మొటిమలు కనబడకూడదని ఇంట్లో తీర్మానం జరిగింది. మేకప్ వేసుకోవచ్చా అని డాక్టరమ్మను అడిగితే, నూనె లేనిది, చర్మరంధ్రాలు మూయనిది చూసుకోమంది. డబ్బా మీద నాన్-కామెడోజెనిక్ అని ఉంటుందట. సౌందర్య సాధనాలే మొటిమలు తెప్పిస్తాయని క్లిగ్‌మన్, మిల్స్ అనే అమెరికా పరిశోధకులు 1972లో రాశారు. ఆ కాలంలో ఏది రంధ్రాలు మూస్తుందో తేల్చడానికి కుందేలు చెవికి పూసి చూసేవారు. కుందేలు చెవికీ, మిట్టమధ్యాహ్నం ట్రంకు రోడ్డులో ఆటో కోసం నిలబడ్డ ముఖానికీ పొంతన ఎంతో మీరే ఊహించండి. పైగా ఆ మాట డబ్బా మీద వేసుకోవడానికి ఫలానా పరీక్ష నెగ్గి తీరాలన్న నియమం అమెరికాలోనే లేదు. అయినా లేనిదానికంటే నయమని ఉన్నదే అడుగుతాం.

నా కోరికలు మూడు. ధర ఐదు వందల లోపు ఉండాలి, కొత్త మొటిమ తేకూడదు, నా రంగులో ఉండాలి. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, వీటిలో మూడోదే గొంతెమ్మ కోరిక అని.

చిన్నబజారులో ఒక ఫ్యాన్సీ షాపుకు అత్తతో కలిసి వెళ్లాను. గాజులు, రిబ్బన్లు, క్లిప్పుల వెనక అద్దాల బీరువాలో ట్యూబులు నిలబెట్టి ఉన్నాయి.

"అన్నా, నాన్-కామెడోజెనిక్ ఉందా?"

ఆయన లోపలికి వెళ్లి కుర్రాడిని అడిగి వచ్చాడు. "ఆ కంపెనీ సరుకు రావడం లేదమ్మా. ఇది అంతకంటే బాగా పోతోంది."

చూపించినదల్లా తెలుపే. తెలుపులో ఎన్ని రకాలున్నాయో అన్నీ ఉన్నాయి. చామనఛాయ అడిగితే అడుగు అరలోంచి తీసి దుమ్ము తుడిచాడు. ఇంత ఎండ కాసే ఊళ్లో మన రంగు ట్యూబులు అడుగు అరలో ఎందుకు పడి ఉన్నాయో అమ్మేవారిని కాదు, కొనేవారిని అడగాలి. కొనేవారి ప్రతినిధి నా పక్కనే ఉంది. "ఇంకా తెల్లది చూపించు నాయనా. పిల్ల ఎండన పడి కమిలింది గానీ అసలు రంగు ఇది కాదు" అంది. పుట్టినప్పటి నుంచి నాది ఇదే రంగు. నన్ను ఉయ్యాలలో వేసింది అత్తే.

ముంజేతి మీద పూసి చూపించడం షాపుల ఆచారం. ముంజేతికి మొటిమలు రావు, దాన్ని ఎవరూ ఫొటో తీయరు. రంగు కుదిరిందో లేదో దవడ అంచున గీత పెట్టి పగటి వెలుతురులో చూడాలి. అదీ వెంటనే కాదు, జిడ్డు తగిలాక కొన్ని రంగులు కాసేపటికి నల్లబడతాయి. అందుకని దవడకు అటొక రంగు, ఇటొక రంగు గీసుకుని వీధిలోకి వచ్చాను. ట్యూబులు నా చేతిలోనే ఉన్నాయని గమనించిన షాపతను కుర్రాడిని నా వెనకే పంపాడు.

బయట అద్దం లేదు. ఆపి ఉన్న మోటార్‌సైకిల్‌కు ఉంది. వంగి కుడి దవడ చూసుకుని, ఎడమ దవడ తిప్పుకుంటుండగా అద్దంలో ఇంకో ముఖం కనబడింది. బండి యజమాని. ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చేతిలో తాళంచెవి.

"క్షమించండి, అయిపోయింది" అన్నాను.

"పర్వాలేదమ్మా, చూసుకోండి." కాసేపు ఆగి, "ఎడమవైపుది కలిసిపోయింది. కుడివైపుది సున్నం కొట్టినట్టుంది" అన్నాడు.

కుర్రాడు కూడా తల ఊపాడు. ఇన్నాళ్లలో నా ముఖం గురించి నేను విన్న నిజాయతీ గల సలహా అదొక్కటే.

ఎడమవైపుది కొన్నాను. నూనె లేనిది, మూడు వందల ఇరవై రూపాయలు. "ఈ డబ్బుకు రొయ్యలు వచ్చేవి" అంది అమ్మ. మా ఇంట్లో ఏ ధరనైనా చివరికి రొయ్యల్లోకి మార్చి చూస్తారు. కుడివైపుది అత్త కొంది, నాకు చెప్పకుండా.

నిశ్చితార్థం రోజున నా పని నేను ముగించుకున్నాను. పలచగా ఒక పూత, మొటిమల మీద వేలికొసతో అద్దకం. బాగుంది, అంటే నాలాగే ఉన్నాను. అప్పుడు అత్త గదిలోకి వచ్చి గడియ వేసి, సంచిలోంచి సున్నం ట్యూబు తీసింది. పెళ్లికూతురి తల్లితో ఆ వేళ వాదించకూడదు. పైపూత పడింది. మెడ దాకా వచ్చేసరికి తాంబూలాలకు పిలుపు వచ్చి అత్త పరుగెత్తింది. మెడ మిగిలిపోయింది.

ఆ ట్యూబులో ఎండ నుంచి కాపాడే టైటానియం డయాక్సైడ్ ఉంది. ఎండలో మంచిదే. కెమెరా ఫ్లాష్ పడితే మాత్రం వెలుతురును తిప్పికొడుతుంది. ఫొటోగ్రాఫరు తీసి, కెమెరా వెనక చూసుకుని, మళ్లీ తీసి, "ఆకుపచ్చ చీర మేడమ్, కాస్త వెనక్కి జరగండి, మీ దగ్గర లైటు ఎక్కువవుతోంది" అన్నాడు. జరిగాను. ఇంకా జరగమన్నాడు. చివరి ఫొటోలు వంటవారి పక్కన నిలబడి దిగాను. అన్నిటిలోనూ ఒక తెల్లటి గుండ్రం, దాని కింద నా మెడ.

ఆ ఫొటోలు చూసి కావలి నుంచి కబురు వచ్చింది, ఆకుపచ్చ చీరలో తెల్లగా ఉన్న అమ్మాయి ఎవరి పిల్ల అని. అత్త ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఆదివారం వస్తామన్నవారు శనివారం రాత్రే దిగారు. తలుపు తీసింది నేనే, ముఖాన జెల్‌తో, భుజాన మచ్చల తువ్వాలుతో.

"అమ్మాయి ఇంట్లో ఉందా?" అని అడిగింది పెద్దావిడ.

"నేనేనండీ."

ఆవిడ ఫోను తీసి ఫొటో చూసింది. నన్ను చూసింది. మళ్లీ ఫొటో చూసింది. చివరికి మెడ దగ్గర పోలిక దొరికినట్టుంది, లోపలికి వచ్చి కూర్చుంది.

కాఫీలయ్యాక నన్ను పెరట్లోకి పిలిచింది. అమ్మ, అత్త వంటింటి కిటికీకి చేరారు.

"ఏమీ అనుకోకు తల్లీ. మా చిన్నదానికీ ఇలాగే మొటిమలు. ఫొటోలో ఒక్కటీ కనబడలేదు. ఏం పూశావు?"

సున్నం ట్యూబు పేరు చెప్పలేదు. ఎడమ దవడ ట్యూబు పేరు, పొగతోట డాక్టరమ్మ పేరు, తెల్ల తువ్వాళ్లే వాడమన్న జాగ్రత్త, అన్నీ ఆవిడ బస్సు టికెట్ వెనక రాసిచ్చాను. ఏది పూసినా మెడకు కూడా పూయమన్నాను.

సంబంధం సంగతి ఆలోచించి చెబుతామన్నారు. చిన్నమ్మాయి మాత్రం మర్నాడే ఫోను చేసింది. షాపులో ఉందట, ముంజేతి మీద పూసి చూపిస్తున్నారట, ఒప్పుకోవాలా వద్దా అని.