అర మీటరు ఖాళీ ఉంటే చాలునట!

మా బావమరిది పంపాడు. పరకాల దగ్గర వరికోత యంత్రం అద్దెకు తిప్పే మిత్రుడు పంపాడు. చివరికి మా సైటులో పనిచేసే సెంట్రింగ్ మేస్త్రీ కూడా అదే సందేశం పంపి, కింద దండం బొమ్మ ఒకటి పెట్టాడు. చదవకుండా పంపారంటే క్షమించవచ్చు. చదివి కూడా పంపారంటే ఇది రాయక తప్పదు.

సందేశం సారం ఇది: పైన వేలాడే కరెంటు తీగల ఎత్తును ఇప్పుడు లేజర్ స్కానర్‌తో కొలవవచ్చు కాబట్టి, క్రేను పెట్టాలన్నా, కాంక్రీటు పోయాలన్నా, వరి కోయాలన్నా సరఫరా ఆపించుకోవాల్సిన పని లేదు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనుకు సరఫరా ఆపి పని చేసుకోనిచ్చే అనుమతి) కోసం సబ్‌స్టేషన్ చుట్టూ తిరగడం పాతకాలపు అలవాటు. దాని కింద ఆరు అంశాలు.

"నాసా వాడే సాంకేతికత" అన్నది మొదటిది. నిజమే. 1971లో అపోలో 15 చంద్రుడి చుట్టూ తిరుగుతూ లేజర్‌తోనే ఎత్తుపల్లాలు కొలిచింది. చంద్రుడి మీద 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్లు లేవు. తర్వాతది చూద్దాం.

"ఫోనులోనే స్కానర్ ఉంది" అని రెండోది. ఆ సదుపాయం కొన్ని ఖరీదైన ఫోన్లలోనే ఉంది, అదీ దాదాపు 5 మీటర్ల వరకే. గదిలో సోఫా పడుతుందో లేదో చూసుకోవడానికి బాగుంటుంది.

"లేజర్ అబద్ధం చెప్పదు, మిల్లీమీటరు తేడా కూడా రాదు" అన్న మూడో మాట సగం నిజం. వంతెన దూలం, శ్లాబు, గోడ వంటి వాటి మీద మంచి స్కానర్ నిజంగానే కొద్ది మిల్లీమీటర్ల తేడాతో చెబుతుంది. ఫాతిమానగర్ వంతెన లాంటి దాని కింద ఖాళీ కొలవమంటే నేనూ దాన్నే తెమ్మంటాను. తీగ సంగతి వేరు. 11 కేవీ లైన్లలో వాడే వీజిల్ అనే రకం తీగ మందం 7.77 మిల్లీమీటర్లు, రాబిట్ అనే రకం 10 మిల్లీమీటర్ల పైచిలుకు. స్కానర్ కిరణం తగిలిన ప్రతి చోటునూ ఒక చుక్కగా నమోదు చేస్తుంది, ఆ చుక్కలన్నీ కలిస్తేనే చిత్రం. పని త్వరగా ముగించాలని స్కానర్‌ను ముతకగా పెడితే 10 మీటర్ల దూరంలో చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం తీగ మందం కంటే ఎక్కువవుతుంది. అప్పుడు తీగ అక్కడక్కడా నాలుగు చుక్కలుగా మాత్రమే కనిపిస్తుంది. కంప్యూటర్‌లో చిత్రాన్ని శుభ్రం చేసే కుర్రవాడు వాటిని దుమ్మనుకుని తుడిచేస్తే, తెర మీద తీగే ఉండదు. తీగ అంచుకు తగిలిన కిరణంలో సగం వెనుక ఉన్న వేపచెట్టు మీద పడిందనుకోండి, చెట్టుకూ తీగకూ మధ్య ఏమీ లేని చోట ఒక చుక్క పుడుతుంది. అబద్ధం చెప్పని లేజర్ చేసే పని ఇది.

"ఒకసారి కొలిచి ఫైలు దాచుకోండి, ఏడాదంతా పనికొస్తుంది." ఇది నాలుగోది. రాసినవారు మన జిల్లాల ఎండ చూడలేదేమో. తీగ వేడెక్కితే సాగుతుంది, సాగితే కిందికి వంగుతుంది. స్తంభాల మధ్య 60 మీటర్లు, తెల్లవారుజామున తీగ వంపు 60 సెంటీమీటర్లు అనుకుందాం. ఎండకూ, లోడుకూ కలిపి తీగ 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే అది మరో అడుగుకు పైగానే దిగుతుంది. జనవరి పొద్దున కొలిచిన అంకెను పట్టుకుని మే నెల మధ్యాహ్నం రామగుండంలో క్రేను బూమ్ (పొడవాటి చెయ్యి) ఎత్తేవాడికి ఆ ఫైలు ఏం సాయపడుతుంది? గాలివానకు ఒరిగిన స్తంభాల సంగతి ఫైలుకు ఎవరు చెప్పాలి?

ఇక ఐదోది. నిజానికి ఈ ఒక్కటీ లేకపోతే నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. "11 కేవీ కరెంటు గాలిలో ఒక సెంటీమీటరు కంటే దూకదు. స్కానర్ అర మీటరు ఖాళీ చూపిస్తే సరఫరా ఉండగానే ధైర్యంగా పని చేసుకోండి."

మొదటి వాక్యం దాదాపు సరైనదే. పొడి గాలి సెంటీమీటరుకు సుమారు 30 కేవీ వరకు తట్టుకుంటుంది. మొనదేలిన చోట అంత తట్టుకోదు కానీ, 11 కేవీ తీగ నుంచి మీటరు దూరం మెరుపు దూకుతుందని చెప్పేవాళ్లూ తప్పే చెబుతున్నారు. అయితే దూరంగా ఉండమనేది కరెంటు దూకుతుందని కాదు, యంత్రం కదులుతుందని. కాంక్రీటు పోసే 30 మీటర్ల బూమ్ పంపు ఒక్క డిగ్రీ ఒరిగితే దాని కొస అర మీటరుకు పైగా జరుగుతుంది. నల్లరేగడిలో జాకీ కింద చెక్క కాస్త దిగబడితే చాలు, ఆ డిగ్రీ వచ్చేస్తుంది. క్రేను బరువు దించగానే బూమ్ పైకి లేస్తుంది. వరికోత యంత్రం ఒక చక్రం గట్టు ఎక్కితే ధాన్యం గొట్టం ఎక్కడికి పోతుందో దాన్ని నడిపేవారిని అడగండి. పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగకు నిబంధనల ప్రకారమే కనీస ఎత్తు 4.6 మీటర్లు. గొట్టం ఎత్తితే నాలుగు మీటర్ల దగ్గరికి వచ్చే యంత్రం దాని కింద తిరుగుతుంటే ఇంకా మిగిలిందెంత?

రైల్వేవారిని చూడండి. విద్యుదీకరించిన మార్గంలో లెవెల్ క్రాసింగ్ దగ్గర 25 కేవీ తీగ కనీసం 5.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. అయినా గేటుకు ముందు పాతిన ఎత్తు కమాను 4.67 మీటర్ల దగ్గరే వాహనాన్ని ఆపేస్తుంది. చదునైన రోడ్డు మీద తిన్నగా పోయే లారీకే 80 సెంటీమీటర్లకు పైగా వదిలారు. అమెరికాలో 50 కేవీ వరకు ఉన్న లైన్లకు క్రేన్లు 10 అడుగుల దూరం పాటించాలన్నది నియమం. వీళ్లందరికీ సెంటీమీటరు లెక్క తెలియక కాదు కదా, మహానుభావా!

యంత్రం తీగకు తగిలితే ఏమవుతుందో ఆ సందేశంలో లేదు. క్యాబిన్‌లో కూర్చున్నవాడు అలాగే ఉంటే చాలావరకు బతుకుతాడు. యంత్రానికి చెయ్యి ఆనించి కింద నిలబడిన కూలీ పోతాడు. లైను ట్రిప్పయిందని దగ్గరికి పోతే, సబ్‌స్టేషన్‌లో వాళ్లు అదే సమయానికి మళ్లీ సరఫరా ఇచ్చే ప్రమాదం ఉంది. నిప్పు అంటుకుని దిగక తప్పకపోతే రెండు కాళ్లూ కలిపి దూకి, యంత్రాన్ని తాకకుండా, పాదాలు ఎడం చేయకుండా జరుగుతూ దూరం పోవాలి. ఈ నాలుగు వాక్యాలు పంపితే పుణ్యమైనా వచ్చేది.

ఆరోది మాత్రం పూర్తిగా నిజం: "వెదురు కర్రతోనో, టేపుతోనో తీగ ఎత్తు కొలవకండి." తడి వెదురు కరెంటును మోస్తుంది, లోహపు టేపు గురించి చెప్పనే అక్కర్లేదు. తాకకుండా కొలవడమే లేజర్ గొప్పతనం, అందులో దానికి సాటి లేదు. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. కోతల వేళ ఎల్‌సీ దొరకడం కష్టమే. వాన ముంచుకొస్తుంటే సాయంత్రం దాకా ఆగమనడం రైతుకు చిన్న మాట కాదు.

అందుకే స్కానర్‌ను పని రోజున కాకుండా నెల ముందు తెచ్చుకోండి. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, తీగ దగ్గర చుక్కలు దట్టంగా పడేలా పెట్టి కొలవండి. తీగ కిందికి ఉందని తేలితే ఆ చిత్రాన్ని లైను ఎత్తు పెంచమనో, మార్చమనో రాసే దరఖాస్తుకు జతచేయండి. ఏ రెండు స్తంభాల మధ్య, ఏ రోజు, ఏ వేళకు ఎన్ని మీటర్లుందో అంకెలతో సహా కాగితం మీద ఉంటే "వచ్చి చూస్తాంలే" అని పంపేయడం ఎవరికైనా కష్టమవుతుంది.