నిల్ రిపోర్టు గారికి ఒక మందుల కొట్టువాడి ఉత్తరం

మహారాజశ్రీ నిల్ రిపోర్టు గారి దివ్యసముఖమునకు,

రాయగడ జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని, వంశధార పక్కన మందుల కొట్టు పెట్టుకుని బతుకుతున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమమని వేరే రాయనక్కర్లేదు. 'ఈ వారం రోగాలు నిల్, అంటే సున్నా' అని ఆ ముక్క వారంవారం తమరే ఢిల్లీకి విన్నవిస్తున్నారు.

పోయిన వానల్లో పై ఊళ్లకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పొద్దున తెచ్చిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సాయంత్రానికి లేవు. ఆరెంపీలు సెలైన్ సీసాలు బండికి కట్టుకుని కొండెక్కారు. ఆ వారం మా ఆరోగ్య సెంటరు నుంచి పైకి వెళ్లిన కాగితంలో మాత్రం తమరే వేంచేసి ఉన్నారట. ఆశా దీదీని నిలదీస్తే, "ఏటి సెయ్యమంటావు బాబూ? కేసులు రాస్తే నువ్వేటి సేస్తన్నావని అడుగుతారు. సున్నా రాస్తే ఎవులూ ఏటీ అడగరు" అంది. ఆమెను తప్పు పట్టలేకపోయాను. అడిగేవాళ్లు లేని ఉద్యోగం ఎవరికి చేదు?

తమరి ప్రయాణం గురించి కొంత తెలుసుకున్నాను. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చి దేశం గడగడలాడాక, రోగాల మీద నిఘా కావాలని పెద్దలకు తోచింది. పదేళ్లకు, 2004 నవంబరులో ఐడీఎస్పీ అనే నిఘా పథకం పుట్టింది. నర్సమ్మ లక్షణాలు చూసి రాసేది ఎస్ ఫారం, డాక్టరు అనుమానించి రాసేది పీ ఫారం, ల్యాబు తేల్చి రాసేది ఎల్ ఫారం. 2021లో ఇదంతా కంప్యూటర్లోకెక్కి, 18 రోగాల లెక్క 33 అయింది. ఊరి పేరుతో సహా మ్యాపులో చుక్క పడుతుందట. శుభం. చుక్క పెట్టేందుకు కేసు రాయాలి కదా అని మాత్రం ఎవరితోనూ అనకండి. నేను అన్నానని అస్సలు చెప్పకండి.

పైగా ఆ మూడు మెట్లలో నా కొట్టు లేదు, ఆరెంపీ లేడు. మా ఊళ్లో జ్వరం మొదట మెట్లెక్కేది మాత్రం అక్కడే.

తమరి వంశంలోనే పోలియో సున్నా అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన్ని చూస్తే నాకు భలే గౌరవం. ఎందుకంటే ఆయన్ని ఎవరూ నమ్మేవారు కాదు. పదిహేనేళ్ల లోపు పిల్లలు లక్షమంది ఉన్న చోట, ఏడాదికి ఒక్కరికైనా పోలియో కాని మరేదో కారణంతో ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడటం మామూలేనని పోలియో నిఘా వాళ్ల లెక్క. ఆ ఒక్కరూ కనబడలేదని రాసిన జిల్లాకు మెచ్చుకోలు బదులు అనుమానం ఎదురయ్యేది: రోగం లేదా, మీరు చూడటం లేదా? చచ్చుబడ్డ ప్రతి బిడ్డ నుంచీ పద్నాలుగు రోజుల్లోపు, కనీసం ఒక రోజు తేడాతో, రెండుసార్లు మలం తీసి ల్యాబుకు పంపాలి. అలా వెతికి వెతికి, 2011 జనవరి 13న హౌరాలో కాళ్లు పడిపోయిన పాపాయే ఆఖరని తేల్చారు. 2014 మార్చి 27న గానీ సర్టిఫికెట్టు చేతికి రాలేదు. మూడేళ్ల పైచిలుకు నిలబెట్టి ప్రశ్నలడిగాక ఆయన్ని లోపలికి రానిచ్చారు. తమరినేమో మొదటి వారమే కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు.

మలేరియా దగ్గరా అంతే. 2017లో ఒడిశా వాళ్లు 'దమన్' అని పెట్టి, రోడ్డు లేని ఊళ్లకు ఎక్కి, జ్వరం లేనివాళ్ల వేళ్లు కూడా గుచ్చారు. నిక్షేపంగా తిరుగుతున్న మనుషుల రక్తంలో పురుగు దొరికింది. మందులిచ్చారు, దోమతెరలు కట్టించారు. మరుసటి ఏడాదికి రాష్ట్రంలో కేసులు బాగా పడిపోయాయి. చెమటోడ్చి తగ్గించిన అంకె అది. వేలు గుచ్చకుండా తగ్గించే పద్ధతి ఇంకొకటుంది, చాలా చవక. అది తమరికి బాగా తెలుసు.

2027 కల్లా దేశంలో పుట్టిన మలేరియా కేసు ఒక్కటీ ఉండకూడదని లక్ష్యం. అందుకని ఇకమీదట పుట్టుక ముఖ్యం. అవతల పార్వతీపురంలో తేలిన జ్వరం ఒడిశా నుంచి వచ్చింది. ఇవతల మా దగ్గర తేలింది ఆంధ్రకి కూలికెళ్లి తెచ్చుకున్నది. కొన్నాళ్లకి దోమ కూడా నివాస ధ్రువపత్రం పట్టుకుని తిరగాల్సి వస్తుందేమో.

కొరాపుట్ జిల్లా కొటియా సంగతి చూడండి. 20 పైచిలుకు ఊళ్లు, మావంటే మావని రెండు రాష్ట్రాలు. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగువు ఇంకా తెగలేదు. ఇటు కార్డు, అటు కార్డు. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకు పరిగెత్తింది. ఇంత ప్రేమలోనూ, "ఆ ఊరి జ్వరం కూడా మాదే, మా లెక్కలోనే రాయాలి" అని ఎవరైనా ధర్నా చేసినట్టు నేను వినలేదు.

ఇంకో విశేషం. ఢిల్లీలో పత్రికలు, టీవీలు చూసి ఎక్కడ రోగం లేచిందో పసిగట్టే విభాగం 2008 నుంచి ఉంది. పేపర్లో పడిన ముక్క ఢిల్లీ నుంచి భువనేశ్వర్‌కి, అక్కడ నుంచి జిల్లాకి, జిల్లా నుంచి బ్లాకుకి ‘నిజమేనా?’ అని దిగుతుంది. మాకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న సెంటరుకి మా విరేచనాల కబురు దేశం చుట్టి వస్తుందన్నమాట. కాబట్టి మా ప్రాంతంలో ప్రజారోగ్య నిఘా అంటే పేపరుకు వార్తలు పంపే కుర్రాడే. వాడికి జీతం కూడా లేదు, లైను లెక్కన డబ్బులు. వాడు పెళ్లికెళ్లిన వారం ఢిల్లీకి మేం ఆరోగ్యవంతులం.

కోపం తెచ్చుకోకండి, ఒక్కటే అడుగుతాను. పోయిన నెల లెక్క చూసి వచ్చే నెల మందులు పంపుతారు కదా. సున్నాకి ఎన్ని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వస్తాయి?

ఇట్లు,
తమ రాకకు ముందే సరుకు అయిపోయే
మందుల కొట్టువాడు

తా.క.: ఈ ఉత్తరం మడుస్తుండగానే ఆశా దీదీ వచ్చింది. సెంటర్లో ఓఆర్‌ఎస్ నిండుకుందట, పై ఊరికి పట్టుకెళ్లాలి, అప్పుగా ఇమ్మంది. ఇచ్చాను. ఖాతా పుస్తకంలో తమరి పేరే రాసుకున్నాను. వీలున్నప్పుడు వచ్చి తీర్చగలరు.