నర్సులను తగ్గిస్తే ఖర్చు తగ్గదు

వైద్య ఖర్చులు పెరగడానికి సిబ్బంది జీతాలే ముఖ్య కారణమని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోలేను. జీతాల భారం ఉన్న మాట నిజమే. కానీ ఖరీదైన కొత్త మందులను, యంత్రాలను, ఏళ్ల తరబడి సాగే మధుమేహం, గుండె జబ్బుల చికిత్సను పక్కన పెట్టి నర్సు జీతాన్ని వేలెత్తి చూపడం అన్యాయం.

ఖర్చు తగ్గించడానికని నర్సుల పోస్టులు ఖాళీగా ఉంచితే ఏమవుతుందో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులను పరిశీలించి 2002లోనే చెప్పింది. శస్త్రచికిత్స జరిగిన వారిని చూసుకునే నర్సుకు ఒక్కో రోగి అదనంగా పెరిగినకొద్దీ, 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ఒక్క రోగి పెరిగితేనే ఇంత తేడా!

వరుసగా రెండో షిఫ్టు చేస్తున్న నర్సు చేతిలో మందు మోతాదు తప్పితే ఆ తప్పు ఎవరిది? అలసిపోయి ఆమె ఉద్యోగం మానేస్తే, తాత్కాలిక సిబ్బందికి ఎక్కువ చెల్లించాలి, కొత్తవారికి నెలల తరబడి పని నేర్పాలి. ఆ ఖర్చూ చివరికి రోగి బిల్లులోకే వస్తుంది. ఒత్తిడి తగ్గించడానికంటూ యాజమాన్యాలు ధ్యాన తరగతులు పెడుతుంటే బాధగా ఉంటుంది. ముందు డ్యూటీ పట్టికలో మరో ఇద్దరి పేర్లు చేర్చండి.