పావురాల రెట్ట ఫ్రీ ఎరువు కాదండీ, దయచేసి కుండీల్లో వేయకండి

మిద్దెతోట వాళ్ల ఫోన్లలో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బాల్కనీలో పావురాల రెట్ట, డాబా మీద కోతుల పెంట, పాత గోడల కింద గబ్బిలాల రెట్ట, ఏది దొరికితే అది ఎండబెట్టి కంపోస్ట్ డబ్బాలో పడేయండి, ప్రకృతి ఇచ్చిందే కాబట్టి ఏ హానీ ఉండదు, మన తాతలు చేసిందే అని. చిన్నపిల్లలున్న ఇళ్లలో కూడా నమ్మి చేసేస్తున్నారు, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు ఆ ఎండబెట్టడం సంగతి, అందులో అన్నిటికంటే డేంజర్ సలహా అదే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకాల చూడండి, రెట్ట తెల్లగా పెచ్చు కట్టి ఈకలతో సహా అతుక్కుని ఉంటుంది, తడిగా ఉన్నంతసేపు ఉన్నచోటే ఉంటుంది, ఎండాక పాత అట్లకాడతో గీకితే సన్నటి పొడి లేచి నేరుగా ముక్కులోకి పోతుంది. క్రిప్టోకోకస్ అనే ఫంగస్ ఎండిన రెట్టలో నెలల తరబడి బతుకుతుంది, ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్లకి మెదడు పొరల దాకా పాకొచ్చు. అసలు ఏ క్రిమీ లేకపోయినా ఆ దుమ్ము రోజూ పీలిస్తే కొందరికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే ఊపిరితిత్తుల అలర్జీ జబ్బు వస్తుంది, ముదిరితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, ఇక మామూలు కావు.

గబ్బిలాల రెట్టలో నైట్రోజన్ బాగా ఉంటుందన్నది నిజమే, కాదనట్లేదు. కానీ అందులో ఊపిరితిత్తులకి జబ్బు తెచ్చే హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కూడా ఉండొచ్చు. అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్లో ఇద్దరు మగవాళ్లు మొక్కలకి వేద్దామని ఈ రెట్ట పెట్టుకుని, ఆ జబ్బు చేసి చనిపోయారు, డాక్టర్లు ఆ కేసుల్ని 2024లో ప్రచురించారు. ఒకాయన ఆన్‌లైన్లో కొన్నాడు, ఇంకొకాయనది ఇంటి అటక మీద పేరుకున్నదే.

కంపోస్ట్ అయితే అన్నీ చస్తాయిగా అంటారు. చస్తాయి, వేడెక్కితే. అమెరికా ఆర్గానిక్ రూల్ ప్రకారం వరుస కుప్పల్లో 55 డిగ్రీల పైన 15 రోజులు ఉండాలి, ఈలోపు కనీసం 5 సార్లు తిరగేయాలి, అంత వేడి నిలవాలంటే కుప్ప సుమారు మీటరు పొడవు వెడల్పు ఎత్తు ఉండాలి. మన బాల్కనీలో పెయింట్ బకెట్‌కి చిల్లులు పెట్టి చేసేదాంట్లో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది, అంతే. వానపాముల బెడ్ అయితే అసలు వేడెక్కకూడదు, ఎక్కితే ఆ వానపాములే చస్తాయి. ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్లు ఉంటాయి, పైగా కోతుల పేగుల్లో ఉండే పరాన్నజీవుల్లో కొన్ని మనకీ అంటేవే.

గడ్డి తినే జింకల పెంట సేఫ్ అట, అదీ ఆ మెసేజ్‌లోదే. 2011లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో స్ట్రాబెర్రీ తోటలోకి జింకలొచ్చి పెంటికలేసి పోతే ఆ పళ్లు తిన్నవాళ్లకి ఈ.కోలై (E. coli) అనే బాక్టీరియా సోకింది, ప్రాణాల మీదకి కూడా వచ్చింది. పచ్చి ఆవుపేడ ఆకుకూరలకి వేయొద్దనేది కూడా ఇందుకే.

ఇక తాతల మాట. వాళ్లు పెంటకుప్పలో వేసింది ఇంటి పశువుల పేడ, చెత్త, అది ఏడాదంతా మాగాక వేసవిలో బండ్లతో తోలి తొలకరికి ముందు చేలో వెదజల్లి దున్నేవాళ్లు. గొర్రెల మంద కట్టించినా పంట లేని చేలోనే. మూతికి గుడ్డ కట్టుకోకుండా పావురాల రెట్ట గీకి కొత్తిమీర కుండీలో వేసిన తాత ఎవరండీ?

బాల్కనీలో రెట్ట ఉంటే బాగా తడిపి, ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని ఎత్తి కవర్లో మూటగట్టి చెత్తలో ఇచ్చేయండి, పొడి చీపురు మాత్రం వాడొద్దు. ఆల్రెడీ కుండీల్లో వేసేసినవాళ్లు ఆ మట్టిలో కొత్తిమీర, పుదీనా, ముల్లంగి లాంటివి పెట్టకుండా మందారమో నందివర్ధనమో పెట్టుకోండి, ఆ మట్టి ముట్టుకున్నప్పుడల్లా చేతులు సబ్బుతో కడుక్కోండి.