చెవిలో హోరుకు అయస్కాంత చికిత్స: ప్యాకేజీగా అమ్మే దశ ఇంకా రాలేదు

పగలు పనుల్లో పడి ఎలాగో మరిచిపోతారు, రాత్రి లైటు ఆర్పి పడుకోగానే చెవిలో కీచురాళ్ల రొద మొదలవుతుంది, అదీ ఒకరోజు కాదు, ఏళ్ల తరబడి. ఈ హోరుతో, అంటే టిన్నిటస్‌తో, నలిగిపోతున్న మనిషిని "అలవాటు చేసుకోండి" అని పంపేస్తే ఎంత కుంగిపోతారో చూశాను. అలాంటివాళ్లకు తలకు అయస్కాంత పల్స్‌లు పంపే కాయిల్ (తీగచుట్ట) ఆనించి హోరు తగ్గిస్తామంటే అప్పు చేసైనా వెళ్తారు.

ఈ ఆలోచనకు ఆధారం ఉంది. వినికిడి తగ్గి చెవి నుంచి సంకేతాలు సరిగ్గా అందనప్పుడు, ఆ లోటు పూడ్చుకోవడానికి మెదడులో శబ్దాన్ని గుర్తించే భాగం అతిగా పనిచేస్తుందనీ, అదే హోరుగా వినిపిస్తుందనీ చాలామంది పరిశోధకుల అంచనా. సెకనుకు ఒకటి చొప్పున అయస్కాంత పల్స్‌లు ఇస్తే ఆ భాగం నెమ్మదిస్తుందని ఆశ. ఇదే ఆర్‌టీఎంఎస్. డిప్రెషన్‌కి ఈ పద్ధతిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే అనుమతించింది. టిన్నిటస్‌కి ఇవ్వలేదు.

2015లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ మాజీ సైనికుల ఆసుపత్రి ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 10 రోజులు, రోజుకు 2000 పల్స్‌లు. నిజమైన చికిత్స పొందిన 32 మందిలో 18 మందికి బాధ తగ్గింది, పోల్చి చూడటానికి, పల్స్‌లు ఇవ్వని ఉత్తుత్తి కాయిల్ పెట్టిన 32 మందిలో 7 మందికి తగ్గింది. బాగుంది కదా! కానీ 2017లో జర్మనీలో పలు కేంద్రాల్లో 150 మందికి పైగా రోగులతో దాదాపు ఇదే పద్ధతిని పరీక్షిస్తే, నిజమైన కాయిల్‌కీ ఉత్తుత్తి కాయిల్‌కీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పెద్దదీ, ఎక్కువ చోట్ల జరిగిందీ కాబట్టి నేను రెండోదానికే ఎక్కువ బరువిస్తాను. (పైగా ఆ కాయిల్ టక్ టక్ మని గట్టిగా మోగుతుంది, ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి, రోగికి అనుమానం రాకుండా ఉత్తుత్తి చికిత్స ఇవ్వడమూ కష్టమే.)

నన్ను ఆలోచింపజేసేది మొదటి ట్రయల్‌లో ఉత్తుత్తి కాయిల్‌తోనే బాధ తగ్గిన ఆ 7 మంది. వాళ్ల బాధ నిజమే, ఉపశమనమూ నిజమే. నిద్ర, టెన్షన్, ధ్యాస, వీటితో హోరు పెట్టే బాధ పెరుగుతుంది, తగ్గుతుంది. సీబీటీ అనే మాటల చికిత్స పనిచేసేది అక్కడే. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాలు దాన్నే సిఫార్సు చేశాయి, అయస్కాంత చికిత్సను మామూలుగా ఇవ్వొద్దన్నాయి. తెలుగులో సీబీటీ ఇచ్చేవాళ్లు చిన్న ఊళ్లలో దొరకరు, ఖర్చు పెట్టాల్సింది ముందు అక్కడ.

పరిశోధన ఆగాలని కాదు. ట్రయల్‌గా చేయండి, రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా, అరుదుగా ఫిట్స్ రావచ్చని, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఉంటే కుదరదని ముందే చెప్పి. వినికిడి తగ్గినవాళ్లకు మాత్రం అయస్కాంత చికిత్స కోర్సుకు కట్టే డబ్బుతో మంచి హియరింగ్ ఎయిడ్ కొనుక్కోమంటాను.